డెల్టా తేమలో ఎస్ప్రెస్సో గ్రైండర్: శుభ్రం చేయడం, సరిచేయడం

ఎస్ప్రెస్సో కాఫీకి గింజలు పొడిచేసే గ్రైండర్ పనిచేసే తీరు మన తిరగలిదే. పై రాయి, కింది రాయి ఉన్నట్లే ఇందులోనూ రెండు పళ్ల చక్రాలు, అంటే బర్‌లు, ఉంటాయి. ఒకటి కదలదు, రెండోదాన్ని మోటారు తిప్పుతుంది, వాటి మధ్య సందును బట్టి పొడి సన్నగానో బరకగానో పడుతుంది. 18 గ్రాముల పొడి నుంచి 25–30 సెకన్లలో సుమారు 36 గ్రాముల కాఫీ దిగాలన్నది చాలామంది మొదలుపెట్టే కొలత. నిన్న ఆ కొలతకు సరిగా వచ్చిన గ్రైండర్ ఇవాళ తప్పిందంటే వెంటనే కొత్త బర్‌లు కొనడానికి తొందరపడకూడదు. వానాకాలం వస్తే డబ్బాలోని ఉప్పు కూడా నీరుకారే మన కోనసీమలో ముందుగా అనుమానించవలసినవి గాలిలోని తేమ, లోపల పేరుకున్న పాత పొడి.

కాఫీ పొడి తేమను పీల్చుకుని, గింజలోని నూనెతో కలిసి, బర్‌ల అంచుల్లోనూ పొడి బయటికి వచ్చే గొట్టంలోనూ అట్టకడుతుంది. కొన్నాళ్లకు ఆ నూనె చెడి, మొదటి గుక్కలోనే ముక్కిన వాసన తెలుస్తుంది. నల్లగా వేయించి నూనె తేలిన గింజలు వాడేవారు వారానికోసారి, మధ్యస్థంగా వేయించిన అరకు గింజలు వాడేవారు నెలకోసారి గ్రైండర్ విప్పితే సరిపోతుంది. ముందుగా ప్లగ్ పీకాలి. హాపర్, అంటే గింజలు పోసే పై డబ్బా, తీసి, పై బర్‌ను విప్పి, గట్టి కుంచెతో పళ్ల మధ్యనున్న పొడిని దులపాలి. మూలల్లో అట్టకట్టినదాన్ని వెదురు పుల్లతో గీకాలి. నడిమి నట్టు కొన్ని యంత్రాల్లో ఎడమ మరతో, అంటే మామూలుకు వ్యతిరేక దిశలో విప్పేలా, ఉంటుంది కనుక, విప్పబోయే ముందు ఎటు తిప్పాలో చూసుకోకుండా బలం ప్రయోగించకూడదు.

ఉక్కు బర్‌లను నీళ్లతో కడగకూడదు. నేను ఒకసారి కడిగి, పిట్టగోడ మీద ఆరబెట్టి మరిచిపోయాను. తెల్లవారేసరికి పళ్ల అంచుల వెంట గోధుమరంగు తుప్పు సన్నని గీతలా పాకింది. మిక్సీ జారులో గుప్పెడు బియ్యం తిప్పే అలవాటును కూడా ఇక్కడికి తేవద్దు. పచ్చి బియ్యం వేయించిన కాఫీ గింజకన్నా గట్టిది, మోటారుపై భారం వేస్తుంది, పైగా దాని పిండి లోపల మిగిలిపోతుంది. సర్దుబాటు మరలకు ఆహారయోగ్యమైన సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయాలి. చేతికందింది కదా అని కొబ్బరినూనె రాస్తే అదీ కాలక్రమేణా చెడి జిగురవుతుంది.

ఇక మార్పుల విషయానికొస్తే, ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చేది రెండు బర్‌లను సమాంతరంగా నిలపడం. ఒక పక్క సందు ఎక్కువ, మరో పక్క తక్కువ ఉంటే ఒకే చెంచా పొడిలో నలుసూ బరకా కలిసి వస్తాయి. బల్లపరుపు బర్‌లున్న గ్రైండర్‌లో దీన్ని పరీక్షించడం సులువు: బర్‌లనూ అవి కూర్చునే గుంటలనూ తుడిచి, వైట్‌బోర్డు మార్కరుతో బర్ బయటి అంచుకు రంగు పూసి, మళ్లీ బిగించి, ప్లగ్ పెట్టకుండానే, రెండూ తాకేదాకా సన్నం వైపు తిప్పి, బర్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పాలి. విప్పి చూసినప్పుడు రంగు చుట్టూ సమంగా చెరిగితే చేయవలసిందేమీ లేదు. ఒక పక్కే చెరిగితే ఆ పక్క ఎత్తుగా ఉన్నట్లు. రంగు మిగిలిన పక్కన బర్ అడుగున వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను, గోరంత వెడల్పున కత్తిరించి, పెట్టాలి. ఆ ఫాయిల్ మందం సాధారణంగా 10–20 మైక్రాన్లే కనుక ఒక్కో పొరే వేసి మళ్లీ రంగు పూసి చూడాలి. స్క్రూలలో ఒకదాన్ని పూర్తిగా బిగించి మరొకదానికి పోకుండా, అన్నింటినీ వంతులవారీగా కొద్దికొద్దిగా బిగించాలి. లేకపోతే పడిన శ్రమంతా అక్కడే పోతుంది. నాకు మొదటిసారి ఇది ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

హాపర్ బదులు గాలి ఊదే సిలికాన్ బెలోస్ పెట్టుకుని ఏ పూట గింజలు ఆ పూటే తూచి వేసుకోవడం మన వాతావరణానికి మంచి మార్పు, ఎందుకంటే మిగతా గింజలు మూత బిగించిన డబ్బాలో పొడిగా ఉంటాయి. అయితే హాపర్ లేకపోతే మోటారు తిరగకుండా ఆపే రక్షణ స్విచ్ ఉన్న యంత్రంలో దాన్ని టేపు అంటించి మోసగించడం వేళ్లకు ప్రమాదం. గింజలపై నీటి తుంపర చల్లడం స్టాటిక్, అంటే పొడిని అంటుకునేలా చేసే స్థిర విద్యుత్తు, తగ్గించడానికి చేసే పని. శ్రావణ మాసంలో మనకు దాని అవసరం అంతగా ఉండదు.

చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ పొడిని ఇందులో వేయకూడదు; అది తేమకు జిగురై పళ్లను పట్టుకుంటుంది. రుబ్బుతుండగా కరెంటు పోతే స్విచ్ ఆపి, సందును బరక వైపు బాగా తిప్పి, కరెంటు వచ్చాకే మళ్లీ మొదలుపెట్టాలి. నలుగుతున్న గింజలతోనే మొదలుపెడితే మోటారు బిగుసుకుంటుంది. లోపల గింజలున్నప్పుడు సన్నం వైపు సర్దుబాటు మాత్రం మోటారు తిరుగుతుండగానే చేయాలి.

బర్‌లు విప్పి బిగించిన ప్రతిసారీ అవి తాకే చోటు కొద్దిగా మారుతుంది. అందుచేత మొదట 20 గ్రాముల గింజలు రుబ్బి పారబోసి, కొత్త సెట్టింగు అంకెను డయల్ పక్కన పెన్సిలుతో రాసి, పాత అంకెను చెరిపేయాలి.