ఎండలు ముదరకముందే ఓవర్‌క్లాక్ వేడి చూసుకోండి

చలికాలంలో కంప్యూటర్ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి (అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపి), ‘ఫుల్ లోడ్‌లో కూడా 75 డిగ్రీలు దాటట్లేదు’ అని మురిసిపోయారా? ఆ 75లో గది వాటా ఎంతో ఒకసారి లెక్క వేయండి. గదిలో 22 డిగ్రీలు ఉన్నప్పుడు 75 వచ్చిందంటే, ప్రాసెసర్ గది కంటే 53 డిగ్రీలు వేడిగా ఉందన్నమాట. అదే గది 38కి చేరిందనుకోండి. కూలర్ అదే, సెట్టింగులూ అవే, ప్రాసెసర్ మాత్రం 91 దగ్గర ఉంటుంది. ఫ్యాన్ కూలరైనా లిక్విడ్ కూలరైనా గది కంటే చల్లగా చేయలేదు కదా. అందుకే నేను టెస్ట్ చేసిన ప్రతిసారీ ప్రాసెసర్ అంకె పక్కనే గది వేడి కూడా రాసిపెట్టుకుంటాను.

ఎంతవరకు ఫర్వాలేదన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. ఇంటెల్ కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7000లో చాలావాటికి 95, అందులోనే 7800ఎక్స్3డీకి 89. హద్దు తగలగానే చిప్ కాలిపోదు, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దాన్నే థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి పెరుగుతూనే ఉంటే మెషిన్ ఆగిపోతుంది. రైజెన్ 7000లో పెద్ద చిప్‌లు గట్టి లోడ్ పడితే మామూలు సెట్టింగుల్లోనే 95 దాకా వెళ్లేలా తయారయ్యాయి, అది చూసి కంగారు పడక్కర్లేదు. చేత్తో వోల్టేజ్ పెంచినవాళ్లు మాత్రం హద్దు దాకా వెళ్లకపోవడమే మంచిది. నా మటుకు నేను స్ట్రెస్ టెస్ట్‌లో (ప్రాసెసర్‌కి కావాలని పూర్తి పని పెట్టే పరీక్షలో) 85, ఆటల్లో 75 దాటనివ్వను.

అసలు దొంగ వోల్టేజే. చిప్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ విషయంలోనైతే దాని వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల నుంచి 5.0 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులకు వెళ్లారనుకోండి: వేగం పెరిగింది 11 శాతం, వేడి దాదాపు 40 శాతం. పైగా ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వేడి కలిస్తే చిప్ లోపలి సన్నటి లోహపు దారులు మెల్లగా అరిగిపోతాయి. ఆరు నెలలు బాగా నడిచిన సెట్టింగ్ ఉన్నట్టుండి క్రాష్ అవడం మొదలుపెడితే దీన్ని కూడా అనుమానించాలి.

టెస్ట్ మధ్యాహ్నం, గది బాగా వేడెక్కాక పెట్టండి. తెల్లవారుజామున పాసైతే లాభం లేదు. ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామ్‌ని అరగంట తిప్పుతూ, వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో గరిష్ఠం కాలమ్ చూడండి. సగటు కాదు, అన్నిటికన్నా వేడెక్కిన కోర్ అంకె ముఖ్యం. ప్రైమ్95 అనే మరో ప్రోగ్రామ్‌లోని ‘చిన్న ఎఫ్ఎఫ్‌టీలు’ టెస్ట్ ఇంకా కర్కశంగా ఉంటుంది, రోజువారీ పనిలో అంత వేడి దాదాపు రాదు. మదర్‌బోర్డు వీఆర్ఎమ్ (ప్రాసెసర్‌కి వోల్టేజ్ అందించే భాగం) సెన్సర్ కనిపిస్తే దానిమీదా ఓ కన్నేయండి.

కూలర్ రెక్కల్లో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకోండి, గిర్రున తిరగనివ్వొద్దు. లిక్విడ్ కూలరైతే పంపు వేగం సున్నా చూపిస్తోందేమో గమనించండి. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే పాతది పూర్తిగా తుడిచాకే కొత్తది వేయాలి. ఓసారి నేను కొత్త కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించేశాను. టెస్ట్ పెట్టిన కొన్ని సెకన్లకే 100. గంటసేపు పేస్ట్‌ని తిట్టుకున్నాక గానీ సంగతి తెలియలేదు.

ఇవన్నీ చేసినా అంకె దిగకపోతే వోల్టేజ్ 0.025 వోల్టుల చొప్పున తగ్గిస్తూ మళ్లీ టెస్ట్ చేయండి. తగ్గించాక మెషిన్ తడబడితే 100 మెగాహెర్ట్జ్ వదులుకోండి. చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో (ఈ సెట్టింగులు మార్చే మెనూలో) సెట్టింగులను ప్రొఫైళ్లుగా దాచుకునే వీలుంది. నాకు చలికాలానికి ఒకటి, ఎండలకు ఒకటి ఉన్నాయి. రెండోది 200 మెగాహెర్ట్జ్ తక్కువ. ఆటలాడుతుంటే ఆ తేడా నాకు ఇంతవరకు తెలియలేదు, ఫ్యాన్ చప్పుడు తగ్గడం మాత్రం తెలిసింది.