విశ్వవిద్యాలయంలో ఐటీ సేవలు: అడ్మిషన్ నుంచి పట్టా చేతికొచ్చేదాకా

విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు కట్టిన ఫీజు రసీదును ఒకసారి నిదానంగా చదివితే, ట్యూషన్ ఫీజుతో పాటు గ్రంథాలయానికీ, ఇంటర్నెట్‌కూ, కంప్యూటర్ ల్యాబ్‌కూ విడిగా వేసిన మొత్తాలు చాలాచోట్ల కనిపిస్తాయి. ఆ సేవలకు డబ్బు ముందే చెల్లించి కూడా, పరిశోధన వ్యాసాల కోసం తెలియని వెబ్‌సైట్లలో వెతుక్కునేవారూ, పరీక్ష ఫీజు కట్టడానికి నెట్ సెంటరుకు వెళ్లి తమ లాగిన్ వివరాలను అక్కడివారి చేతిలో పెట్టేవారూ మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా ఉన్నారు. వారిలో చాలామంది తమ కుటుంబంలో డిగ్రీ దాటిన మొదటి తరంవారు. అడిగితే ఏమనుకుంటారోనన్న సంకోచం వారిని ఆపుతోంది తప్ప తెలివి చాలక కాదు. ఈ వ్యాసం ప్రధానంగా వారి కోసం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను దృష్టిలో పెట్టుకుని రాసినది. ఒక్కో క్యాంపస్‌లో పోర్టల్ పేర్లూ నిబంధనలూ వేరుగా ఉన్నా, పని జరిగే తీరు దాదాపు ఒకటే.

మొదట మెయిల్ ఐడీ

అడ్మిషన్ పూర్తయిన మొదటి వారంలోనే కంప్యూటర్ సెంటరుకు గానీ మీ విభాగం కార్యాలయానికి గానీ వెళ్లి, విశ్వవిద్యాలయం పేరుతో ముగిసే మెయిల్ ఐడీ ఎలా ఇస్తారో కనుక్కోండి. కొన్నిచోట్ల హాల్ టికెట్ నంబరును బట్టి అది ముందే తయారై ఉంటుంది. కొన్నిచోట్ల దరఖాస్తు నింపి విభాగాధిపతి సంతకం తీసుకుని ఇవ్వవలసి ఉంటుంది. పరిశోధక విద్యార్థులకు మాత్రమే ఇస్తామని చెప్పే చోట్ల కూడా, పీజీ విద్యార్థులు ప్రాజెక్టు అవసరం చూపి, గైడు సిఫారసుతో రాతపూర్వకంగా అడగడం మంచిది. వైఫై లాగిన్, ఇంటి నుంచి జర్నళ్లు చదవడం, ఆన్‌లైన్ తరగతులు, విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ వంటివి చాలావరకు ఈ ఐడీ మీదే ఆధారపడి ఉంటాయి. ఉదాహరణకు, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఆన్‌లైన్ రూపాన్నీ, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి గిట్‌హబ్ ఇచ్చే విద్యార్థి ప్యాక్‌నూ అర్హత ఉన్న విద్యాసంస్థల విద్యార్థులు డబ్బు కట్టకుండా పొందవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. ప్రవేశపరీక్షలకు నెట్ సెంటరులో దరఖాస్తు చేసినప్పుడు అక్కడివారు తమ ఫోన్ నంబరో, తాము సృష్టించిన మెయిల్ ఐడీయో నమోదు చేసి ఉండవచ్చు. ఆ వివరాలే విశ్వవిద్యాలయ పోర్టల్‌లోకి వస్తే, మీకు రావలసిన ఓటీపీలూ ఫీజు గడువు సమాచారమూ వేరొకరికి చేరతాయి. అందువల్ల పోర్టల్‌లో మొదటిసారి లాగిన్ కాగానే ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ మీవేనా అని చూసుకుని, కాకపోతే వెంటనే మార్పించుకోండి. పాస్‌వర్డ్‌గా పుట్టినతేదీనో హాల్ టికెట్ నంబరునో ఉంచవద్దు, ఎందుకంటే అవి మీ తరగతిలో అందరికీ తెలిసిన విషయాలు. రెండో దశ ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్‌ను కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకునే వీలుంటే పెట్టుకుని, దానితో పాటు వచ్చే అత్యవసర కోడ్‌లను ఒక కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైలులో ఉంచండి. ఫోన్ పోయినప్పుడు లేదా సిమ్ మారినప్పుడు ఆ కాగితమే పనికొస్తుంది.

వైఫై

క్యాంపస్ వైఫై చాలావరకు రెండు రకాలుగా పనిచేస్తుంది. మొదటిదానిలో కనెక్ట్ కాగానే ఒక లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. అది దానంతట అదే తెరుచుకోకపోతే మొబైల్ డేటానూ, వీపీఎన్ యాప్ ఉంటే దానినీ ఆపి, వైఫై నుంచి ఒకసారి బయటికి వచ్చి మళ్లీ చేరండి. రెండో రకంలో మీ ఫోన్, ల్యాప్‌టాప్‌ల మ్యాక్ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తించే సంఖ్యను) ముందుగా నమోదు చేయించాలి. హాస్టళ్లలో చాలామందిని ఇబ్బంది పెట్టేది ఇదే: నమోదు చేసిన తర్వాత కూడా ఫోన్ కనెక్ట్ కాదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, గోప్యత కోసం ఫోన్ తన అసలు అడ్రస్‌కు బదులు ఒక్కో వైఫైకి ఒక్కో మారు అడ్రస్‌ను చూపుతుంది. కనుక ఆ వైఫై సెట్టింగుల్లోకి వెళ్లి, ఫోన్ అసలు మ్యాక్ అడ్రస్‌ను వాడేలా మార్చి, ఆ అడ్రస్‌నే నమోదుకు ఇవ్వండి. ఈ మార్పు మీ క్యాంపస్ వైఫైకి మాత్రమే చేయండి. రైల్వే స్టేషన్లు, మాల్స్ వంటి చోట్ల మారు అడ్రస్ ఉండటమే మేలు.

మీ విశ్వవిద్యాలయంలో ఎడ్యురోమ్ అనే ఉమ్మడి వైఫై ఏర్పాటు ఉందేమో కూడా అడగండి. ఐరోపాలో మొదలై 100కు పైగా దేశాలకు విస్తరించిన ఈ ఏర్పాటును మన దేశంలో విద్యాసంస్థల నెట్‌వర్క్ సంస్థ ఎర్నెట్ ఇండియా నడుపుతోంది. ఇందులో సభ్యత్వమున్న సంస్థ విద్యార్థి, సదస్సు కోసం మరో సభ్య విశ్వవిద్యాలయానికి వెళ్లినా తన సొంత లాగిన్‌తోనే అక్కడి వైఫై వాడుకోవచ్చు. యూజర్ నేమ్ దగ్గర ఐడీలోని మొదటి భాగం ఒక్కటే కాకుండా, విశ్వవిద్యాలయం పేరుతో కలిపి పూర్తిగా రాయాలి. ఆ వైఫై అసలైనదేనా అని ఫోన్ సరిచూసుకునే ‘సర్టిఫికెట్ తనిఖీ’ అక్కర్లేదన్న ఎంపికను నొక్కవద్దు. ఎడ్యురోమ్ పేరుతోనే దొంగ వైఫై పెట్టి పాస్‌వర్డ్‌లు కాజేసేవారి నుంచి కాపాడేది ఆ తనిఖీయే.

జర్నళ్లూ సిద్ధాంత గ్రంథాలూ

డబ్బు లెక్కలో చూస్తే విద్యార్థికి అందే సేవలన్నిటిలో ఇదే అత్యంత విలువైనదని నా అభిప్రాయం. ఒక్క పరిశోధన వ్యాసాన్ని ప్రచురణకర్త దగ్గర విడిగా కొనాలంటే వేల రూపాయలు అడిగే సందర్భాలున్నాయి. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం, 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 జర్నళ్లను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకూ అధ్యాపకులకూ అందుబాటులోకి తెచ్చింది. దీనిని విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం సమన్వయం చేస్తోంది. పెద్ద కేంద్రీయ విశ్వవిద్యాలయానికి పరిమితమైన జర్నళ్లు ఇప్పుడు జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికీ అందాలన్నది దీని ఉద్దేశం. అయితే మీ సంస్థ పేరు నమోదై, అక్కడ ఈ పని చూసే నోడల్ అధికారి లాగిన్లు ఇచ్చినప్పుడే అది మీ దాకా వస్తుంది. కాబట్టి లైబ్రేరియన్‌ను కలిసి, మన సంస్థ ఇందులో ఉందా, ఇంటి నుంచి చదవడానికి లాగిన్ ఎవరు ఇస్తారు అని నేరుగా అడగండి.

క్యాంపస్‌లో ఉన్నప్పుడు విశ్వవిద్యాలయ నెట్‌వర్క్ మీద జర్నల్ పేజీ తెరిస్తే చాలావరకు లాగిన్ లేకుండానే పూర్తి వ్యాసం వస్తుంది. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు అదే పేజీలో సంస్థ ద్వారా లాగిన్ అయ్యే ఎంపికను నొక్కి, జాబితాలో మీ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకుని, మీకు ఇచ్చిన వివరాలతో ప్రవేశించాలి. ఒకేసారి ఒక జర్నల్ సంచికలన్నిటినీ మూకుమ్మడిగా దించుకోవద్దు. ప్రచురణకర్తలు అలాంటి డౌన్‌లోడ్లను గుర్తించి మొత్తం క్యాంపస్‌కే కొంతకాలం ప్రవేశం ఆపగలరు. అప్పుడు పరీక్షల ముందు అవసరమున్న తోటివారందరూ ఇబ్బంది పడతారు.

దేశంలోని విశ్వవిద్యాలయాలు అప్పగించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల భాండాగారం శోధగంగను చదవడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. అంశం ఎంచుకోకముందే అక్కడ వెతికితే, అదే అంశం మీద ముందే పని జరిగిందో లేదో తెలుస్తుంది. ఒకే గ్రంథం పేరు అక్కడ తెలుగు లిపిలో ఉండవచ్చు, రోమన్ లిపిలోనూ ఉండవచ్చు కనుక తెలుగు సాహిత్య విద్యార్థులు రెండు విధాలుగానూ వెతకాలి.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా

తెలుగు శాఖల్లో సిద్ధాంత వ్యాసాన్ని డీటీపీ చేసేవారికి ఇచ్చి అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో టైపు చేయించడం చాలాకాలంగా వస్తున్న అలవాటు. కాగితం మీద అచ్చు అందంగానే ఉంటుంది. కానీ అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి) కావు కాబట్టి, ఆ ఫైలులో కంప్యూటర్‌కు కనిపించేది తెలుగు అక్షరాలు కాదు, వేరే గుర్తుల వరుస. ఫలితంగా ఎన్నో ఏళ్లు కష్టపడి రాసిన గ్రంథంలో ఒక్క మాటను కూడా వెతకడం సాధ్యం కాదు, కాపీ చేసి మరోచోట వాడుకోలేం, సారూప్య పరీక్ష చేసే, అంటే ఇతరుల రాతలతో పోలిక ఎంతుందో లెక్కించే సాఫ్ట్‌వేర్ కూడా దానిని చదవలేదు. తెలుగులో జరిగిన పరిశోధన ఇలా తర్వాతి తరానికి దొరక్కుండా పోవడం నిజంగా బాధాకరం. కనుక మొదటి అధ్యాయం నుంచే యూనికోడ్‌లో టైపు చేయండి. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ముందే ఉంటుంది, ఫోన్‌లో జీబోర్డు ఉంది, మండలి, రామభద్ర, నోటో వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కొనలేనివారు లిబ్రేఆఫీస్ వాడవచ్చు. దానిని నేర్పే పాఠాలు ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో ఉన్నాయి.

సారూప్య పరీక్ష విషయానికొస్తే, యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి, 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది వరకు సమర్పించనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఆధారం చూపిన ఉల్లేఖనలూ గ్రంథసూచీ ఈ లెక్కలోకి రావు. గడువు చివరి వారం దాకా ఆగకుండా, ఒక్కో అధ్యాయం పూర్తవగానే గైడు ద్వారా గ్రంథాలయానికి పంపి నివేదిక తెప్పించుకోండి. ఉచితంగా పరీక్షిస్తామనే తెలియని వెబ్‌సైట్లలో మీ రాతప్రతిని ఎక్కించవద్దు. అది ఎక్కడ నిల్వ అవుతుందో మీకు తెలియదు.

పేరూ క్రెడిట్లూ

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (పూర్తిచేసిన కోర్సుల క్రెడిట్లను భద్రపరిచే ఆన్‌లైన్ ఖాతా) కోసం అడిగే 12 అంకెల అపార్ ఐడీని, అంటే విద్యార్థి గుర్తింపు సంఖ్యను, డిజిలాకర్ ద్వారా మీరే తీసుకోవచ్చు. చిక్కంతా పేరు దగ్గర వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుండి, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటే, లేదా అది చివరికి వెళ్తే, రెండూ సరిపోలడం లేదని పోర్టల్ తిప్పిపంపుతుంది. స్కాలర్‌షిప్ కోసం తెలంగాణ ఈపాస్‌లోనూ, ఆంధ్రప్రదేశ్ జ్ఞానభూమిలోనూ ఇదే ఇబ్బంది రావచ్చు కాబట్టి, ఆధార్‌ను మెమోకు అనుగుణంగా మొదటి సెమిస్టర్‌లోనే సరిచేయించుకోండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ద్వారా ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు తీసుకోవడానికి యూజీసీ 2021 నిబంధనలు వీలు కల్పించాయి. ఏ కోర్సుకు క్రెడిట్ ఇస్తారో చేరకముందే మీ విభాగం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి, పరీక్షకు ఫీజు విడిగా ఉంటుంది.

పని జరగనప్పుడు

వైఫై, మెయిల్ సమస్యలు కంప్యూటర్ సెంటరువి, మార్కులు, హాల్ టికెట్ పరీక్షల విభాగానివి, జర్నళ్లు గ్రంథాలయానివి. తప్పు తలుపు తట్టడం వల్లనే రోజులు వృథా అవుతాయి. ఫిర్యాదులో హాల్ టికెట్ నంబరు, హాస్టల్ గది, పరికరం, సమస్య వచ్చిన తేదీ, సమయం, తెర మీద కనిపించిన సందేశం ఫొటో ఉండాలి. ‘నెట్ రావడం లేదు’ అని మాత్రమే రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ రాయవద్దు. నిజమైన సిబ్బందికి దాని అవసరం ఉండదు. పరీక్ష ఫీజు, స్కాలర్‌షిప్ పేర్లతో వచ్చే లింకుల వల్ల డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కు ఫోన్ చేయండి.

వెళ్లేముందు

గూగుల్ 2022లో విద్యాసంస్థల అపరిమిత నిల్వను తొలగించి మొత్తం సంస్థకు 100 టెరాబైట్ల ప్రాథమిక పరిమితి పెట్టాక, చదువు ముగిసినవారి ఖాతాలను త్వరగా మూసే అవకాశం పెరిగింది. కాబట్టి మీ విశ్వవిద్యాలయ మెయిల్ గూగుల్‌ది అయితే, చివరి సెమిస్టర్‌లోనే ఫైళ్లను గూగుల్ టేక్‌అవుట్ అనే సేవ ద్వారా దించుకోండి. ఉద్యోగ దరఖాస్తుల్లోనూ, బ్యాంకులోనూ, ప్రచురించిన వ్యాసాల్లోనూ ఇచ్చిన మెయిల్ ఐడీని సొంతదానికి మార్చండి. డిజిలాకర్‌కు విశ్వవిద్యాలయ ఐడీ ఇచ్చి ఉంటే అదీ మార్చాలి, ఎందుకంటే పట్టా అక్కడికి చేరేసరికి ఆ ఐడీ పనిచేయకపోవచ్చు. బాకీలేమీ లేవని చెప్పే నో డ్యూస్ సంతకాల కోసం తిరిగేటప్పుడు కంప్యూటర్ సెంటరులో మీ ఖాతా ఏ తేదీ దాకా ఉంటుందో అడిగి, ఆ తేదీకి ముందే ఈ పనులన్నీ ముగించండి.