మీ మేడ మీదే భూమి వాలును కొలవడం ఎలా?

విజయవాడలో మా మేడకు దక్షిణం వైపు మూడడుగుల పిట్టగోడ ఉంది. డిసెంబరు మధ్యాహ్నాల్లో దాని నీడ మేడ మీదకి రెండున్నర అడుగులు వస్తుంది. ఆ గోడ వారన పెట్టిన తులసి కుండీకి ఆ నెలంతా నడిమధ్యాహ్నం ఎండ తగలదు. అదే మే మొదటి వారంలో, అమ్మ వడియాలు పెట్టి కాకుల్ని తోలుతూ ఆ గోడ పక్కన కూర్చుందామంటే వేలెడు నీడ దొరకదు. జూన్ చివరికి వచ్చేసరికి నీడ వైపు మార్చుకుంటుంది. ఉత్తరపు పిట్టగోడ నుంచి లోపలికి బెత్తెడు పైన పడుతుంది.

భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉందని బడిలో అందరం చదివాం. ఆ అంకె ఈ నీడలోనే ఉంది. ఒక చువ్వ, ఒక అట్టముక్క, కొంచెం దారం ఉంటే ఆరు నెలల్లో దాన్ని మనమే తేల్చుకోవచ్చు. ధనుర్మాసంలో మొదలుపెడితే బాగుంటుంది. ఆకాశం తేటగా ఉంటుంది, మేడ మీద నిలబడటం కూడా హాయి.

చువ్వ, అట్ట, మూలబిందువు

పాత పెయింటు డబ్బాలో తడి ఇసుక దట్టించి మీటరు పైన పొడవున్న ఇనుప చువ్వ గుచ్చండి. చువ్వ కొనకు అరచేయంత మందపాటి అట్టను నేలకు సమాంతరంగా కట్టి, అందులో మేకుతో చిన్న చిల్లు పొడవండి. చిల్లు చువ్వకు తూర్పు పక్కన నాలుగైదు సెంటీమీటర్ల ఎడంలో ఉండాలి. ఉత్తరానికో దక్షిణానికో ఉంటే ఎండ చుక్కకు చువ్వే అడ్డొస్తుంది.

ఉత్త చువ్వ నీడ ఎందుకు చాలదంటే, సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే నీడ కొస ఎప్పుడూ మసకగా ఉంటుంది, ఎక్కడ ముగిసిందో చెప్పలేం. చిల్లులోంచి దిగిన ఎండ మాత్రం అట్ట నీడ మధ్యలో గుండ్రటి చుక్కలా పడుతుంది. ఆ చుక్క నడిమికి గీత పెట్టడం తేలిక.

చిల్లులోంచి దారానికి చిన్న గుండు కట్టి వేలాడదీయండి. గుండు తాకినచోట గుర్తు పెట్టండి, అదే మన మూలబిందువు. చిల్లు అక్కడి నుంచి సరిగ్గా 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఇంకో జాగ్రత్త: వాన నీళ్లు పోవడానికి ప్రతి డాబాకీ వాటం ఇస్తారు. అందుకని చదునైన చెక్కపలకను పరిచి, కింద అట్టముక్కలు దోపి, రసమట్టంతో సరిచేసి, కొలతలన్నీ దాని మీదే తీసుకోండి. మొదటి ఏడాది నేను నేల మీదే సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. తొలకరి వానకు అన్నీ కొట్టుకుపోయాయి, మళ్లీ డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. పలక మీద పెయింటుతో గుర్తు పెట్టండి, అదే రోజు నోటు పుస్తకంలో తేదీతో సహా రాసుకోండి.

ఉత్తరం గీత

ఫోను దిక్సూచిని నమ్మకండి, డాబా స్లాబులో ఉన్న ఇనుము దాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. మన పాత జ్యోతిష గణితంలో శంకువు పద్ధతి ఉంది, అదే వాడదాం. మూలబిందువు చుట్టూ 110 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో దారం పట్టి వృత్తం గీయండి. పలక చాలని చోట నేల మీదే గీయవచ్చు. డిసెంబరు చివర్లో ఉదయం పదీ ఇరవై ప్రాంతంలో ఎండ చుక్క ఆ వృత్తాన్ని దాటి లోపలికి వస్తుంది. మళ్లీ మధ్యాహ్నం రెండు గంటల లోపు బయటికి పోతుంది. ఆ రెండు చోట్లా గుర్తు పెట్టి కలిపితే అది తూర్పు పడమర గీత. దాని మధ్యనుంచి మూలబిందువు మీదుగా గీసిన గీత ఉత్తర దక్షిణాలు. ఇల్లు కట్టేముందు దిక్కులు చూడటానికి పాతిన మేకు కూడా శంకువే, శంకుస్థాపన అన్న మాటలో ఉన్నది అదే.

మధ్యాహ్నం ఎప్పుడు?

గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు కాదు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, విజయవాడ దానికి పడమరగా దాదాపు 80.6 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఏడు నిమిషాల పైన ఆలస్యం. దీనికి తోడు భూమి కక్ష్య కోడిగుడ్డులా కాస్త సాగి ఉండటం, ఇరుసు వాలడం వల్ల సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్లు ముందు, కొన్నాళ్లు వెనక నడుస్తాడు. ఫిబ్రవరి రెండో వారంలో మనకు నడిమధ్యాహ్నం 12:22కి, నవంబరు మొదట్లో 11:51కే. ఇవేవీ గుర్తుంచుకోనక్కర్లేదు. చుక్క మీ ఉత్తరం గీత మీదకి వచ్చిన క్షణమే మధ్యాహ్నం. పావుగంట ముందు మేడెక్కితే చాలు. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడొద్దు, మన కన్ను పలక మీదే ఉండాలి.

కొలవాల్సిన రోజులు

డిసెంబరు 21న (12:06 ప్రాంతంలో) చుక్క మూలబిందువుకి ఉత్తరంగా 83–84 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. మార్చి 20న 12:15కి అది 30 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. జూన్ 21న 12:09కి దక్షిణం వైపు 12 సెంటీమీటర్లు. డిసెంబరులో, జూన్‌లో ఆ రోజున మబ్బులుంటే కంగారు పడకండి, పది రోజులు అటూ ఇటూ అయినా సూర్యుడు అక్కడక్కడే తచ్చాడుతుంటాడు, అర డిగ్రీ కూడా తేడా రాదు. గుంటూరు వాళ్లకు కూడా ఈ కొలతలే, తేడా సెంటీమీటరు లోపే.

వీటిని కోణాలుగా మార్చాలి. ఫోనులోని కాలిక్యులేటరు చేసిపెడుతుంది. పిల్లలతో చేస్తుంటే గ్రాఫు కాగితం మీద 10 సెంటీమీటర్ల నిలువు గీత, దాని అడుగున 8.4 సెంటీమీటర్ల అడ్డగీత గీసి, కొసలు కలిపి, పైకోణాన్ని కోణమానినితో కొలిపించండి. డిసెంబరుది 40 డిగ్రీలకు కాస్త తక్కువ వస్తుంది, జూన్‌ది 7 డిగ్రీలకు కాస్త తక్కువ. అంటే డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి నుంచి దక్షిణానికి 39.9 డిగ్రీలు దిగాడు, జూన్‌లో ఉత్తరానికి 6.9 డిగ్రీలు దాటాడు.

ఇప్పుడు రెండూ కూడండి: 46.8. సగం చేయండి: 23.4. భూమి ఇరుసు వాలు అదే. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి సగం చేస్తే 16.5, అది మీ ఊరి అక్షాంశం. మొదటిసారి ఈ లెక్క నోటు పుస్తకంలో తేలినప్పుడు నేను చాలాసేపు మేడ మీదే ఉండిపోయాను. మీకు 23కీ 24కీ మధ్య ఏది వచ్చినా మీ కొలత మంచిదే.

బత్తాయితో వాలు ఎలా పనిచేస్తుందో చూడటం

రాత్రి గది మధ్యలో ఒక బల్బు వెలిగించండి. బత్తాయిలోంచి వెదురు పుల్ల గుచ్చండి. నడుం చుట్టూ భూమధ్యరేఖ గీసి, అక్కడి నుంచి పై కొస దాకా ఉన్న దూరంలో ఐదో వంతు కంటే కాస్త తక్కువలో సిరాచుక్క పెట్టండి, అది విజయవాడ. పుల్లను గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు దాటి నాలుగు నిమిషాల దగ్గరున్నంత వాల్చి, పై కొసను క్యాలెండరు ఉన్న గోడ వైపు తిప్పండి. ఇక బల్బు చుట్టూ నడవండి. పిల్లలందరూ పొరపాటు చేసేది ఇక్కడే: నడుస్తూ నడుస్తూ పుల్లను బల్బు వైపుకి తిప్పేస్తారు. పుల్ల కొస ఎప్పుడూ క్యాలెండరు గోడనే చూడాలి, భూమి ఇరుసు ఏడాదంతా ధ్రువ నక్షత్రాన్ని చూస్తున్నట్టు. క్యాలెండరుకి అవతలి వైపు నిలబడితే పుల్ల బల్బు మీదకి వాలి ఉంటుంది, అది జూన్. క్యాలెండరు పక్కకి వస్తే బల్బు నుంచి వెనక్కి వాలుతుంది, అది డిసెంబరు. రెండు చోట్లా బత్తాయిని తిప్పి, సిరాచుక్క ఎంతసేపు వెలుగులో ఉందో చూడండి. నిజంగా కూడా జూన్‌లో మన పగలు 13 గంటల పైన, డిసెంబరులో 11 గంటల పైన.

ఏటవాలు కిరణాల సంగతి మేడ మీద ఇంకా బాగా తెలుస్తుంది. నడినెత్తిన ఉన్నప్పుడు చదరపు అడుగు నేలకు అందే ఎండ, డిసెంబరు మధ్యాహ్నం 1.3 చదరపు అడుగులకు పరచుకుంటుంది. పగలు చిన్నది, ఎండ పలచన. చలికాలానికి ఈ రెండూ చాలు.

దూరం వల్ల కాదని ఎలా చెప్పొచ్చు? భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి. అతి దూరం పోయేది జూలై మొదట్లో, 15.2 కోట్లకు. దగ్గరతనమే వేడి అయితే మనం భోగి మంటలు వేసుకోనక్కర్లేదు.

మరి రోళ్లు పగిలేది మేలోనే ఎందుకు?

విజయవాడలో సూర్యుడు ఏటా రెండుసార్లు నడినెత్తికి వస్తాడు, మే 6కి, ఆగస్టు 7కి ఒక రోజు అటూ ఇటూగా. మేలో ఆకాశం ఖాళీ, నేల ఎండిపోయి ఉంటుంది, పడమటి నుంచి వడగాలులు. పగలు పెరుగుతూ, నేల వేడెక్కుతూ రోహిణి కార్తెకి పరాకాష్ఠ. ఆగస్టులో అదే సూర్యుడు అదే చోట ఉన్నా అడ్డంగా మబ్బు, కింద తడి నేల. వాలు ఎండను పంచిపెడుతుంది, మిగతాది మన రుతుపవనాల చేతిలో ఉంది.

సంక్రాంతి నాడు కూడా ఒకసారి కొలవండి. చుక్క 77–78 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే డిసెంబరు 21 నుంచి అప్పటికే ఆరు సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది. సూర్యుడు ఉత్తరానికి మళ్లింది ఆ ముందే. భూమి ఇరుసు బొంగరంలా నెమ్మదిగా తిరగడం వల్ల 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున తేడా వస్తూ, దాదాపు 1,700 ఏళ్ల కిందట కలిసి ఉన్న మకర సంక్రమణం, ఉత్తరాయణ ఆరంభం ఇంత ఎడమయ్యాయి.

మే 6న మాత్రం నెత్తిన గొడుగు, కాళ్లకు చెప్పులు, చేతిలో మజ్జిగ సీసాతో మేడెక్కండి. 12:04కి కాస్త ముందు చుక్క పడమటి నుంచి జరుగుతూ వస్తుంటుంది. వచ్చి వచ్చి, డిసెంబరులో గుండు తాకినచోట మీరు పెట్టిన గుర్తు మీదే కూర్చుంటుంది.