చలికాలం వచ్చేలోపు ఇంటి తోటని సిద్ధం చేయడం ఎలా? (మల్చ్, అంటే మొక్క చుట్టూ నేల మీద పరిచే ఎండుటాకుల్లాంటి వాటి పొర, ఎప్పుడు వేయాలో తెలియకపోతే ముందు ఇది చదవండి)

మంచు కరిగాక బయటికొచ్చి ఎండిపోయిన మొక్కల్ని చూసి "ఈసారి చలి ఎక్కువ కదా, అందుకే పోయాయి" అనడం ప్రతి ఏడాదీ వింటూనే ఉన్నా. కాదండీ బాబూ. మీ ప్రాంతపు చలికి తట్టుకునే మొక్కే కొని పెట్టుకుని ఉంటే అది ఒట్టి చలికి చావడం చాలా తక్కువ. దాహంతో చస్తుంది, లేకపోతే నేల గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి వేళ్ళతో సహా పైకి లేచిపోయి చస్తుంది. రెండూ మన చేతిలో ఉన్నవే. అందుకే సింపుల్ పనులు గబగబా చెప్పేసి అసలు పని దగ్గర ఆగుతా.

కావాల్సినవి: రేక్, పార, హోస్ పైపు, గోనెపట్టా, నాలుగు కర్రలు, పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి (ఎందుకో తర్వాత చెప్తా), సన్న కన్నాల ఇనుప జాలీ, ఎండుటాకులు. ఆకులు కొనకండి, మీ పెరట్లోనే రాలతాయి.

ముందు తేలికైనవి

లాన్ చివరిసారి కొట్టేటప్పుడు రెండు, రెండున్నర అంగుళాలు ఉండేలా కొట్టండి. బోడిగుండు చేయకండి, మరీ పొడవుగా వదిలేస్తే మంచు కింద వాలిపోయి బూజు పడుతుంది. ఆకులు పల్చగా రాలి ఉంటే మోవర్ వాటి మీదుగానే నడిపిస్తే ముక్కలై గడ్డిలో కలిసిపోతాయి, మందంగా ఉంటే మాత్రం ఎత్తేయాలి. ఆ ఎత్తినవి పారేయకుండా ఒక మూల పోసి ఉంచండి, పనుంది.

డాలియా, కన్నా, గ్లాడియోలస్ లాంటి దుంపల మొక్కలు మొదటి గట్టి మంచుకి, అంటే నీళ్ళు గడ్డకట్టేంత చలి రాత్రికి, ఆకులు నల్లబడతాయి. అప్పుడు తవ్వి దుంపలు తీసి, ఆరబెట్టి, గడ్డకట్టని చల్లటి చోట పెట్టేయండి. తులిప్, డాఫోడిల్ లాంటివి దీనికి రివర్స్, వాటికి చలి కావాలి కాబట్టి నేల గట్టిపడేలోపే దుంప ఎత్తుకి సుమారు మూడింతల లోతులో నాటేయాలి.

బయట కుళాయికి తగిలించిన హోస్ పైపు ఊడదీయండి. లోపలి వాల్వ్ కట్టేసి, బయట కుళాయి తెరిచి మిగిలిన నీళ్ళు కారిపోనివ్వండి. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, పైపు పగలడానికి అది చాలు. మంచుకి తట్టుకునే రకం కుళాయి కదా అని హోస్ అలాగే వదిలేస్తే అదీ పగులుతుంది, ఎందుకంటే హోస్ ఉన్నంతసేపూ లోపలి నీళ్ళు దిగవు. మట్టి కుండీలదీ ఇదే కథ, ఖాళీ చేసి లోపల పెట్టేయండి. స్ప్రింక్లర్ పైపులు ఉంటే కంప్రెసర్‌తో గాలి కొట్టించి నీళ్ళు తీయించాలి. అది తెలిసినవాళ్ళతోనే చేయించండి, ప్రెషర్ ఎక్కువైతే పైపులే కాదు, కళ్ళు కూడా పోతాయి.

కత్తెర మాత్రం దాచేయండి. "తోట క్లీన్ చేస్తున్నా" అంటూ ఆకులు రాలే ముందు కొమ్మలు కత్తిరించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కత్తిరించిన చోట లేత చిగురు వస్తుంది, ఆ చిగురు మొదటి మంచుకే మాడిపోతుంది. విరిగినవీ రోగం వచ్చినవీ తీయండి చాలు, మిగతాది చెట్టు పూర్తిగా నిద్రలోకి వెళ్ళాక, చలికాలం చివర్లో చూసుకోవచ్చు. నైట్రోజన్ ఎరువు కూడా ఇదే లెక్క, మొదటి మంచుకి ఆరేడు వారాల ముందే చెట్లకీ పొదలకీ ఆపేయాలి.

ఇక అసలు పని: నీళ్ళు, మల్చ్

ఇక్కడే అందరూ చెడగొడతారు. నేనూ చెడగొట్టా. ఒక లేత ఆపిల్ మొక్కకి, ప్రేమ ఎక్కువై, ఆకులు రాలడం మొదలవగానే మొదలు చుట్టూ జానెడు ఎత్తు ఎండుటాకులు పోగేసి హాయిగా పడుకున్నా. మంచు పోయాక చూస్తే మొదలు దగ్గర బెరడు గుండ్రంగా, ఉంగరం తొడిగినట్టు కొరికేసి ఉంది. ఎలుకలకి వెచ్చటి ఇల్లు కట్టిచ్చి, పక్కనే భోజనం కూడా పెట్టానన్నమాట. బెరడు చుట్టూ పోతే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకి దిగదు, చెట్టు బతకడం కష్టం. అది బతకలేదు.

మల్చ్ అంటే మొక్కకి దుప్పటి కప్పడం, వెచ్చగా ఉంచడానికి అని చాలామంది అనుకుంటారు. తిరగేసి ఆలోచించండి. చలికాలం కోసం వేసే మల్చ్ పని నేలని వెచ్చగా ఉంచడం కాదు, ఒకసారి చల్లబడ్డాక అలాగే చల్లగా ఉంచడం. పగలు ఎండ వచ్చి పైమట్టి కరుగుతుంది, రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది, ఇలా పదిసార్లు అయ్యేసరికి మట్టి ఉబ్బి కుంగి చిన్న మొక్కల్ని వేళ్ళతో సహా పైకి నెట్టేస్తుంది. ఆ వేళ్ళు గాలికి ఎండి చస్తాయి. కొత్తగా నాటిన వాటికి ఈ గండం మరీ ఎక్కువ. మీద పొర ఉంటే ఎండ మట్టిని తాకదు కాబట్టి ఈ ఆట ఆగుతుంది.

అందుకే తొందరపడొద్దు. ముందే వేస్తే నేల వెచ్చగా ఉండిపోతుంది, మొక్క నిద్రపోవడానికి లేటవుతుంది, ఎలుకలు వచ్చి కాపురం పెడతాయి. రెండు మూడు గట్టి మంచులు పడి, పొద్దున్నే కాలితో తొక్కితే నేల పైపొర గట్టిగా తగిలే రోజు వరకూ ఆగండి. అప్పుడు వేయండి. (ఎండాకాలం నుంచీ ఉన్న పల్చటి మల్చ్ తీయమని చెప్పట్లేదు, ఈ ఏడాది నాటిన చెట్లకైతే అది ఉండాలి కూడా. నేను చెప్పేది చలికాలం కోసం మీద అదనంగా వేసే పొర గురించి.)

మరి అప్పటిదాకా ఏం చేయాలి? నీళ్ళు పెట్టాలి. ఇది చెప్తే ఎవరూ నమ్మరు, "చలికాలంలో నీళ్ళా?" అని నవ్వుతారు. ఆకులు రాల్చని ఎవర్‌గ్రీన్ చెట్లు చలికాలమంతా ఎండకీ గాలికీ ఆకుల్లోంచి నీరు పోగొట్టుకుంటూనే ఉంటాయి, నేల గడ్డకట్టాక వేళ్ళు తాగడానికి చుక్క ఉండదు. రోడోడెండ్రాన్, బాక్స్‌వుడ్, ఆర్బర్‌విటే గాలి తగిలే వైపు మాత్రమే గోధుమరంగుకి తిరిగితే అది ఇదే. అప్పుడు నీళ్ళు పోయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

శరదృతువు మొదట్లో నీళ్ళు కాస్త తగ్గించండి, మొక్క గట్టిపడాలి. ఆకులు రాలిపోయాక మాత్రం మళ్ళీ మొదలుపెట్టి నేల గడ్డకట్టేదాకా వానలు లేకపోతే వారానికోసారి తడపండి. పైపైన చిలకరించడం కాదు. స్క్రూడ్రైవర్ మట్టిలోకి దించండి. తడి మట్టిలో సులువుగా దిగుతుంది, పొడి మట్టి తగిలితే ఆగుతుంది. మొత్తం దిగాక కూడా ఇంకాస్త సేపు నీళ్ళు వదలండి, చెట్లకి అడుగు లోతు తడవాలి. హోస్ సన్నటి ధారగా పెట్టి గంట వదిలేయండి, మొదలు దగ్గర కాదు, కొమ్మల అంచు కింద, ఎందుకంటే తాగే వేళ్ళు అక్కడుంటాయి. మధ్యాహ్నం పూట పోయండి, రాత్రికి ఇంకిపోవాలి. తడి నేల పొడి నేల కంటే నిదానంగా చల్లబడుతుంది, అదొక బోనస్. మంచు పడకుండా పొడిగా సాగే చలికాలం అయితే, నేల గడ్డకట్టకుండా ఉండి వేడి నాలుగైదు డిగ్రీల సెల్సియస్ దాటిన రోజు చూసి నెలకోసారి మళ్ళీ తడపండి. ప్రతిసారీ హోస్ ఊడదీసి కుళాయి ఖాళీ చేయడం మర్చిపోకండి.

వరస గుర్తుందా? నీళ్ళు, గడ్డకట్టడం, తర్వాత మల్చ్. ఎండుటాకులు మోవర్‌తో ముక్కలు చేసి మూడు నాలుగు అంగుళాలు పరవండి. ముక్కలు చేయకపోతే అట్టలా అంటుకుపోయి కింద గాలి ఆడదు. మొదలు చుట్టూ మూడు నాలుగు అంగుళాలు ఖాళీ వదలండి, చెట్టు మెడ, అంటే మొదలు నేలని కలిసే చోటు, కనబడాలి. రోడ్డు పక్క చెట్ల చుట్టూ అగ్నిపర్వతం లాగా గుట్ట పోసి ఉంటుంది చూడండి, అది చూసి నేర్చుకోవద్దు. అంటు కట్టిన గులాబీలకి మాత్రం వేరే, ఆ అంటు ముడి మునిగేలా జానెడు ఎత్తు మట్టి పోయాలి, ఆ మట్టి పక్క నుంచి తీయకుండా వేరే చోటు నుంచి తేవాలి, లేకపోతే మీరే వేళ్ళు బయటపెట్టినట్టు అవుతుంది.

ప్లాస్టిక్ షీట్ చుట్టేవాళ్ళకి ఒక మాట. ఎండ వచ్చిన రోజు లోపల ఉడికిపోతుంది, సాయంత్రానికి ఒక్కసారిగా చల్లబడుతుంది. గోనెపట్టానే వాడండి, అదీ మొక్కకి చుట్టి కాదు, గాలి వచ్చే వైపు కర్రలు పాతి తెరలాగా కట్టండి. ఆకుల మీద మైనం లాగా కొట్టే స్ప్రేలు కూడా అమ్ముతారు. నేను వాడను, నీళ్ళు పెట్టినవాడికి అది అక్కర్లేదు, పెట్టనివాడిని అది కాపాడదు.

చివరగా చిన్న చెట్ల మొదళ్ళకి జాలీ చుట్టండి, పావు అంగుళం కన్నాలది, కింది అంచు ఒకటి రెండంగుళాలు మట్టిలోకి దిగేలా, పైన మామూలుగా పేరుకునే మంచు కంటే అడుగున్నర ఎత్తు వచ్చేలా. కుందేళ్ళు మంచు మీద నిలబడి తింటాయి, నేల మీద కాదు. పల్చటి బెరడు ఉన్న లేత మేపుల్ లాంటి వాటికి తెల్లటి ట్రంక్ ర్యాప్ (చెట్టు మొదలుకి చుట్టే పట్టీ) కూడా చుడితే ఎండకి బెరడు చీలదు, కానీ ఎండలు వచ్చాక విప్పేయాలి, మర్చిపోతే లోపల పురుగులు చేరతాయి. క్యాలెండర్‌లో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

మంచు పడ్డాక కొమ్మలు వంగిపోతుంటే చీపురుతో కింద నుంచి పైకి ఎత్తుతూ దులపండి, పైనుంచి కొట్టకండి. ఐస్ పట్టి ఉంటే అసలు ముట్టుకోకండి, కొమ్మతో సహా విరిగి చేతికొస్తుంది. నడకదారి మీది మంచు పారతో ఎత్తి మొక్కల మీద పోయొచ్చు, దుప్పటిలాగా పనికొస్తుంది, అందులో ఉప్పు చల్లి ఉంటే మాత్రం దూరంగా విసిరేయండి.