ఇంట్లోనే పీల్ నేర్చుకుందాం, 3వ పాఠం: మొహం మీద పెట్టేముందు

పీల్ అంటే పలచటి యాసిడ్ రాసి చర్మం పైపొర ఊడేలా చెయ్యడం. పోయిన పాఠంలో ఏ యాసిడ్ ఎవరికో చూశాం కదా, మొటిమలు జిడ్డు ఉన్నోళ్లకి సాలిసిలిక్, పొడి చర్మానికి లాక్టిక్, చామనఛాయ వాళ్లు కొత్తగా మొదలెట్టడానికి మాండెలిక్. ఈరోజు మొహానికేం రాయం, ముందే చెప్తన్నాను. రెండు వారాల తయారీ, ఒక ప్యాచ్ టెస్టు, అంటే చిన్న జాగాలో రాసి చూసుకోడం, అంతే.

ఇంత నిదానం దేనికంటే, పలాస కాశీబుగ్గ వైపు జీడిపప్పు పనికెళ్లే ఆడోళ్ల చేతులు చూడండి, జీడి తొక్క నూనె తగిలిన చోట పొక్కుద్ది, మానిపోయినా నల్లమచ్చ ఉండిపోద్ది. ఆ నూనెలో ఎక్కువగా ఉండేది అనకార్డిక్ యాసిడ్, అది మన సాలిసిలిక్‌కి దగ్గర చుట్టమే. మన చర్మంలో రంగు కణాలు కొంచెం మంట తగిలినా చాలు రెచ్చిపోయి మెలనిన్ అనే నల్లరంగు పోసేస్తాయి. మచ్చ పోగొట్టుకుందామని పీల్ వేసుకున్నోళ్లకి ఇంకా నల్లగా అయ్యేది దీనివల్లే.

ఇంక తయారీ. రోజూ పొద్దున్నే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, మొహానికీ మెడకీ రెండు వేళ్ల పొడుగున తీసుకుని రాయండి, బయట తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ. ఇది రోజూ రాయలేనంటే పీల్ సంగతి మర్చిపోండి, నిజంగా చెప్తన్నా, అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఉన్న జిల్లా మనది, ఎండకి కరువు లేదు. రోహిణి కార్తెలో అసలు మొదలెట్టకండి, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచి టైము. టెస్టుకి వారం ముందు నుంచి బ్లీచ్, స్క్రబ్, వ్యాక్సింగ్, రెటినాల్ (విటమిన్ ఎ రకం క్రీము) అన్నీ ఆపీండి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని రోజూ రాసే తెల్లబడే క్రీము ఉంటాది కదా, దాని ట్యూబ్ మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్, ఆ చర్మం పలచబడిపోయి ఉంటాది కాబట్టి దానిమీద పీల్ వద్దే వద్దు. దాన్ని ఒక్కసారిగా ఆపేసినా మొహం భగ్గుమంటాది, కాబట్టి స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్లండి. మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవాళ్లు, గర్భంతో ఉన్నోళ్లు, పెదవి చుట్టూ జ్వరపు పొక్కులున్నోళ్లు కూడా డాక్టర్ని అడక్కుండా ముందుకెళ్లొద్దు.

బాటిల్ ఎంచేటప్పుడు గ్లైకోలిక్, లాక్టిక్ లాంటివి 10 శాతం లోపు, పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఘాటు ఎక్కువ) 3.5కి తగ్గకుండా చూసుకోండి. ఆన్‌లైన్‌లో 70 శాతం గ్లైకోలిక్, టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్) కూడా దొరికేస్తన్నాయి, అవి క్లినిక్‌లో చెయ్యి తిరిగినోళ్లు వేసేవి, ఇంట్లో చేసేవి కావు.

టెస్టుకి చెవి వెనకాల కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పప్పుబద్దంత జాగాలో ఒక్క పూత, బాటిల్ మీద రాసిన టైములో సగం ఉంచి చల్లటి నీళ్లతో కడిగీండి. కొంచెం చిమచిమ మామూలే, మంట పెరుగుతూ పోతే మాత్రం టైము చూడకుండా అప్పుడే కడిగెయ్యాలి. దురద, ఎరుపు, పొక్కు రెండు రోజుల్లో తెలిసిపోద్ది, నలుపు మాత్రం నెమ్మదిగా తేలుద్ది, అందుకే నా లెక్కలో రెండు వారాలు ఆగాలి. మొదటి రోజొక ఫోటో, చివర్లో అదే వెలుతురులో ఇంకోటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి, రంగులో తేడా లేకపోతేనే 4వ పాఠానికి రండి.