ప్రయాణాలకు తేలికపాటి ట్రైపాడ్ – మూడో పాఠం: కాళ్ళను పరీక్షించడం

గత పాఠంలో రాజమహేంద్రవరం పుష్కరఘాట్ మెట్ల మీద నిలబడి, 1997లో రైళ్ళు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెనను మునిమాపు వెలుగులో రెండు సెకన్ల ఎక్స్‌పోజరుతో తీయడం అభ్యసించాం. ఆ పని చేతి పట్టుతో అయ్యేది కాదని మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఈ పాఠంలో ట్రైపాడ్ కాళ్ళ సంగతి చూద్దాం. కెమెరాను పట్టుకునే బాల్ హెడ్ గురించి వచ్చే పాఠంలో మాట్లాడుకుందాం.

దుకాణంలో ముందుగా చెప్పేది ట్రైపాడ్ ఎన్ని కిలోలు మోస్తుందో. ఆ అంకెను నమ్ముకుని కొనవద్దని నా గట్టి సలహా. దానిని కొలవడానికి తయారీదారులందరూ పాటించే ఒకే పద్ధతి లేదు. పైగా విరగకుండా మోయడం వేరు, కదలకుండా నిలపడం వేరు. మనకు కావలసింది రెండోది. అందువల్ల పెట్టె మీద అంకెను పక్కన పెట్టి, కాలి చిట్టచివరి గొట్టాన్ని చూడండి. ఉదాహరణకు, ఒక్కో కాలిలో నాలుగు గొట్టాలుంటే, పైది 25 మిల్లీమీటర్ల వ్యాసంతో మొదలై, ఒక్కొక్కటి మూడేసి మిల్లీమీటర్లు తగ్గుతూ, చివరిది 16 దగ్గర ఆగుతుంది. అయిదు గొట్టాలుంటే అది 13కు దిగుతుంది. గోడ మందం ఒకటే అయినప్పుడు గొట్టం వ్యాసం సగానికి తగ్గితే, వంగకుండా నిలిచే శక్తి సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ముడిస్తే నలభై సెంటీమీటర్ల లోపు ఒదిగి, ఆర్టీసీ బస్సులో ఒళ్ళో పెట్టుకోగలిగిన ట్రైపాడ్ ముద్దుగానే ఉంటుంది కానీ, ఆ పొట్టితనానికి మూల్యం చెల్లించేది ఈ చివరి గొట్టమే. నాలుగైదు సెంటీమీటర్లు పొడవు ఎక్కువైనా సరే, నాలుగు గొట్టాల కాళ్ళనే నేను ఎంచుకుంటాను.

పరీక్ష ఇలా చేయండి. కాళ్ళు పూర్తిగా సాగదీసి, కాళ్ళ నడుమ నుంచి పైకి లేచే కడ్డీని, అంటే సెంటర్ కాలమ్‌ను ఎత్తకుండా, మీ దగ్గరున్న అతి పొడవైన లెన్సుతో కెమెరాను బిగించండి. తెర మీద దృశ్యాన్ని గరిష్ఠంగా పెద్దది చేసి, దూరంగా ఉన్న ఒక అక్షరాన్ని చూస్తూ, ఒక కాలిని వేలితో మెల్లగా తట్టండి. అక్షరం వణికి, మళ్ళీ నిశ్చలమయ్యేదాకా మనసులో లెక్కపెట్టండి. రెండు ట్రైపాడ్లను పక్కపక్కన పెట్టి ఇలా చూస్తే, ఏ ప్రకటనా చెప్పని తేడా మీ కళ్ళకే కనబడుతుంది. కార్బన్ ఫైబర్ కాళ్ళలో ఆ వణుకు సాధారణంగా త్వరగా చల్లారుతుంది, బరువు కూడా తక్కువ. అయితే వెల బాగా ఎక్కువ కనుక, మొదటిసారి కొనేవారికి ఒకటిన్నర కిలోల మంచి అల్యూమినియం ట్రైపాడ్ ఏ విధంగానూ చిన్నతనం కాదు.

ఇక ఎత్తు. సమతలమైన గచ్చు మీద చాలిన ఎత్తు మన కాలువ గట్టు మీద చాలదు. గట్టు వాలులో ఒక కాలు కిందికి దిగాలి, మిగిలిన రెండూ పైన కుదురుకోవాలి. దిగిన కాలికి మిగతావాటికన్నా ఒక జానెడు పొడవు అదనంగా కావాలి. ఆ జానెడు మిగలకపోతే సెంటర్ కాలమ్ ఎత్తవలసి వస్తుంది, అప్పుడు మూడు కాళ్ళ మీద ఒంటికాలిని నిలబెట్టినట్టే అవుతుంది. ప్రతి కాలినీ విడివిడిగా వేరే కోణంలో తెరవగలిగే ఏర్పాటు ఉందో లేదో కూడా కొనేముందే చూసుకోండి.

కోనసీమ ఒండ్రుమట్టి మరొక పరీక్ష. ఊడ్పులైన కొత్తలో పొలం గట్టు పైకి ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది, కెమెరా బరువుకు కాళ్ళు ఎక్స్‌పోజరు మధ్యలోనే నెమ్మదిగా దిగబడతాయి. ప్రతి కాలి కింద ఒక ఎండు కొబ్బరి చిప్పను బోర్లించి, ఒకసారి అరచేతితో అదిమి, ఆపైన కెమెరా పెట్టండి. బరువు వెడల్పుగా పరచుకుని కాలు నిలబడుతుంది. బురదలోనూ నీటిలోనూ, లావు గొట్టాలను ముందు లాగే మామూలు క్రమాన్ని తిరగేసి, సన్నని చివరి గొట్టాన్నే ముందుగా పూర్తిగా లాగండి. అప్పుడు గొట్టాలను బిగించే లాకులన్నీ బురదకు పైన ఉంటాయి.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, ఆటు సమయంలో పైగొట్టాలు మాత్రమే లాగి తడి ఇసుకలో నిలబెట్టాను. ఇంటికొచ్చి చూస్తే మెలితిప్పే లాకుల్లో ఇసుక చేరి కరకరలాడింది, నెల తిరిగేసరికి ఉప్పునీరు తగిలిన మరలు తుప్పుపట్టాయి. కార్బన్ గొట్టానికి తుప్పు రాదు కానీ, లోహపు కీళ్ళకు తప్పదు. కాబట్టి లాకులను పూర్తిగా విప్పి, మంచినీటితో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించడానికి వీలుండే ట్రైపాడే మన తీరానికి తగినది. ఆ విప్పడం ఎలాగో దుకాణంలోనే చేయించి చూడండి.

వచ్చే పాఠానికి అభ్యాసం: ధవళేశ్వరం బ్యారేజీ మీద కాలిబాట పక్కన ట్రైపాడ్ నిలిపి, రెండు సెకన్ల టైమరుతో ఒకే దృశ్యాన్ని రెండుసార్లు తీయండి. ఒకటి వాహనం దాటుతుండగా, రెండోది వంతెన అదురు పూర్తిగా ఆగాక. రెండింటినీ పెద్దవి చేసి, దూరపు దీపాలు చుక్కలుగా ఉన్నాయో గీతలుగా సాగాయో రాసిపెట్టుకోండి.