అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ నేర్చుకుందాం – 3వ పాఠం: మన జట్టుకి ఎన్నో నంబరు, దానితో ఏం చేయొచ్చు?

గత రెండు పాఠాల్లో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకోవడం) అంటే ఏమిటో, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) నుంచి కార్నర్ (బంతి అందుకునేవాళ్ళని అడ్డుకునేవాడు) దాకా ఎవరి పని ఏమిటో చూశాం. ఈసారి అభిమానులు నిజంగా వాదించుకునే చోటికి వచ్చేశాం. డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉద్యోగం చేసే మనవాళ్ళకి డిసెంబరు నుంచి ఆఫీసులో ఈ మాటే వినపడుతూ ఉంటుంది: "మనకి ఎన్నో పిక్ వస్తుంది? ఉంచుకుంటే మంచిదా, ట్రేడ్ చేస్తే మంచిదా?" పిక్ అంటే ఎంపిక వంతు, ట్రేడ్ అంటే దాన్ని ఇంకో జట్టుతో మార్చుకోవడం. ఈ పాఠం అయ్యాక ఆ మాటల్లో మీరూ కలిసి, లెక్క చూపించి మాట్లాడగలగాలి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

నంబరు ఎలా వస్తుంది

ఐపీఎల్ వేలంలో పర్సులో డబ్బున్నవాడిదే పైచేయి. ఇక్కడ వేలం లేదు, వంతు ఉంది. 32 జట్లు, 7 రౌండ్లు. సీజన్లో అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకి మొదటి వంతు. ప్లేఆఫ్స్‌కి వెళ్ళని 18 జట్లు 1 నుంచి 18 వరకు ఉంటాయి. ప్లేఆఫ్స్‌లో ముందు ఓడినవాళ్ళు ముందు, తర్వాత ఓడినవాళ్ళు తర్వాత. సూపర్ బౌల్ (ఫైనల్) ఓడిన జట్టుకి 31, గెలిచిన జట్టుకి 32.

రెండు జట్లకి ఒకే రికార్డు ఉంటే ఎవరు ముందు? వాళ్ళు ఆడిన ప్రత్యర్థులందరి గెలుపు శాతం చూస్తారు. ఎవరి ప్రత్యర్థులు తక్కువ గెలిచారో ఆ జట్టు ముందు. తేలిక జట్లతో ఆడి కూడా అన్ని ఓటములు తెచ్చుకున్నారంటే వాళ్ళకే సాయం ఎక్కువ కావాలని దీని వెనకున్న ఆలోచన. అందుకే ఆఖరి వారాల్లో మీ జట్టు స్కోరుతో పాటు, మీ జట్టు ఎప్పుడో ఆడేసిన జట్ల స్కోర్లు కూడా మీకు ముఖ్యమైపోతాయి.

ఇదంతా పైకి నియమంలా కనిపిస్తుంది కానీ ఒక్క ఆటతో ఎంత మారుతుందో చూడండి. 2023 జనవరి 8, సీజన్లో ఆఖరి ఆదివారం. ఇండియానాపొలిస్‌లో హ్యూస్టన్ టెక్సన్స్ ఓడిపోతే మొదటి పిక్ వాళ్ళదే. కోల్ట్స్ మీద 24-31తో వెనకబడి ఉన్నారు, నిమిషం కూడా మిగల్లేదు, నాలుగో డౌన్ (అంటే ఆఖరి ప్రయత్నం), ఇంకా 20 గజాలు కావాలి. ఆ స్థితిలో డేవిస్ మిల్స్ విసిరిన బంతిని జోర్డన్ ఏకిన్స్ ఎండ్ జోన్‌లో (గోల్ గీత దాటిన చోట) పట్టుకున్నాడు. వెంటనే రెండు పాయింట్ల ప్రయత్నం, మళ్ళీ ఏకిన్సే. 32-31. టెక్సన్స్ గెలిచారు, 3-13-1తో (గెలుపు-ఓటమి-టై) రెండో నంబరుకి జారారు. అదే రోజు ఓడిన షికాగో బేర్స్ 3-14తో మొదటి నంబరుకి ఎక్కారు. కోచ్ లవీ స్మిత్ ఉద్యోగం ఆ రాత్రే పోయింది.

హ్యూస్టన్‌లో చాలామంది ఆ గెలుపుకి తల పట్టుకున్నారు. "ఓడి ఉంటే బాగుండేది" అన్న మాట మీ జట్టు విషయంలోనూ ఎప్పుడో ఒకప్పుడు మీరు వింటారు. నా అభిప్రాయం అయితే సూటిగా చెప్తాను: ఓటమి కోరుకోవద్దు. మైదానంలో ఉన్న ఆటగాడు తన కాంట్రాక్టు కోసం, తన పేరు కోసం ఆడుతున్నాడు. అతను ఓడాలని కోరుకోవడం అన్యాయం. పైగా నంబరు ఒక్కటే ఏమీ తేల్చదు. ఆ ఏడాది తర్వాత జరిగిన సంగతులే సాక్ష్యం.

నంబరు కంటే ముఖ్యం: ముందెవరు, వెనకెవరు

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. మీ నంబరు రాసుకుని ఊరుకోవద్దు. మీ ముందున్న ప్రతి జట్టు పేరు రాసి, పక్కన "క్వార్టర్‌బ్యాక్ కావాలా?" అని ఒక గడి పెట్టండి. అవును, కాదు అని నింపండి. తర్వాత మీ వెనకున్న నాలుగైదు జట్లకీ అదే చేయండి.

2023తో చేసి చూద్దాం. ముందు బేర్స్. వాళ్ళకి క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ ఉన్నాడు, కాబట్టి "కాదు". మార్చిలోనే వాళ్ళు మొదటి పిక్‌ని కరోలినా పాంథర్స్‌కి ఇచ్చేశారు. పాంథర్స్‌కి "అవును". రెండో నంబరు టెక్సన్స్, "అవును". మూడో నంబరు అరిజోనా కార్డినల్స్: క్వార్టర్‌బ్యాక్ కైలర్ ముర్రే ఉన్నాడు, "కాదు". నాలుగు కోల్ట్స్, "అవును".

ఇప్పుడు మూడో గడి మీద వేలు పెట్టండి. తనకి క్వార్టర్‌బ్యాక్ అక్కర్లేదు, తన వెనకే ఆత్రంగా ఉన్న జట్టు కూర్చుని ఉంది. కోల్ట్స్‌ని దాటి ఎవరైనా క్వార్టర్‌బ్యాక్‌ని పట్టుకోవాలంటే అరిజోనా తలుపే తట్టాలి. అలాంటి చోటు దొరికిన జట్టు అమ్మకానికి కూర్చోవాలి. మీ జట్టు అలాంటి చోట ఉంటే ఆఫీసులో ధైర్యంగా చెప్పండి, ట్రేడ్ డౌన్ (పై పిక్ ఇచ్చి కిందకి దిగడం) చేయాల్సిందేనని.

అరిజోనా అమ్మింది. కానీ కొన్నది క్వార్టర్‌బ్యాక్ కోసం వచ్చినవాళ్ళు కాదు! రెండో నంబరులో సి.జె. స్ట్రౌడ్‌ని తీసుకున్న టెక్సన్సే మళ్ళీ వచ్చి మూడో నంబరు కూడా కొనుక్కుని డిఫెన్స్ ఆటగాడు విల్ ఆండర్సన్‌ని తీసుకున్నారు.

ధర కట్టడం

జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్న రోజుల్లో, 1990ల మొదట్లో, డల్లాస్ కౌబాయ్స్ ఒక పట్టిక తయారుచేసుకున్నారు. ప్రతి పిక్‌కీ ఇన్ని పాయింట్లు అని. ఈరోజుకీ అభిమానులు మొదట తీసేది ఆ పట్టికనే. కొన్ని విలువలు రాసుకోండి: 1వ పిక్ 3000, 2వది 2600, 3వది 2200, 5వది 1700, 9వది 1350, 12వది 1200, 16వది 1000, 32వది 590, 33వది 580, 48వది 420, 61వది 292, 105వది 84, 112వది 70.

పై నుంచి ఎంత వేగంగా పడిపోతుందో గమనించారా? 1 నుంచి 3కి దిగితే 800 పోతాయి. 9 నుంచి 12కి దిగితే 150 మాత్రమే. కాబట్టి "మూడు స్థానాలు కిందకి వెళ్దాం" అని ఎవరైనా అంటే, ఎక్కడి నుంచి అని అడగండి.

వచ్చే ఏడాది పిక్‌కి ధర ఎలా? దాని నంబరు ఇంకా తెలియదు కాబట్టి, ఒక రౌండు తగ్గించి, మధ్యలో పడుతుందనుకుని లెక్కేసేది వాడుక. వచ్చే ఏడాది మొదటి రౌండు అంటే ఈ ఏడాది రెండో రౌండు మధ్య, అంటే 48వ పిక్ అనుకోండి, 420.

ఇక టెక్సన్స్ బేరం. వాళ్ళు ఇచ్చినవి: 12వ పిక్, 33వ పిక్, 2024 మొదటి రౌండు, 2024 మూడో రౌండు. పుచ్చుకున్నవి: 3వ పిక్, 105వ పిక్.

ఇచ్చింది: 1200 + 580 + 420, మూడో రౌండుని నాలుగో రౌండు మధ్యగా చూస్తే ఇంకో 70. మొత్తం 2270. పుచ్చుకుంది: 2200 + 84 = 2284. చూశారా, దాదాపు సరిసమానం. ఆ రోజు "ఇంత ఇచ్చేశారేంటి" అని చాలామంది అన్న బేరం పట్టిక ప్రకారం సరైన ధరకే జరిగింది.

ఆ 12వ పిక్ టెక్సన్స్‌కి సొంతంగా వచ్చింది కాదు. క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌ని క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కి ఇచ్చినప్పుడు వచ్చింది. అందుకే మీ జట్టు దగ్గర ఏమున్నాయో రాసేటప్పుడు ఇతరుల దగ్గర్నుంచి రావాల్సిన పిక్స్ కూడా రాయండి. చాలామంది అభిమానులు మర్చిపోయేది ఇక్కడే.

ఫలితం? స్ట్రౌడ్, ఆండర్సన్ ఇద్దరూ ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాళ్ళ అవార్డులు తీసుకున్నారు, ఒకరు అఫెన్స్‌లో, ఒకరు డిఫెన్స్‌లో. జట్టు 10-7తో డివిజన్ గెలిచింది. దాంతో అరిజోనాకి ఇచ్చిన 2024 మొదటి రౌండు పిక్ 27వ నంబరుకి దిగిపోయింది. జట్టు బాగుపడితే అమ్మిన పిక్ చవకైపోతుంది. మొదటి పిక్ పోయిందని తల పట్టుకున్న ఊరు అదే.

పైకి ఎక్కడం ఎప్పుడూ ఇలా కలిసిరాదు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో 49ers 12 నుంచి 3కి ఎక్కడానికి, ఉన్న 12వ పిక్‌తో పాటు మరో రెండేళ్ళ మొదటి రౌండు పిక్స్, ఒక మూడో రౌండు పిక్ ఇచ్చి క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌ని తెచ్చుకున్నారు. రెండేళ్ళకి అతన్ని ఒక నాలుగో రౌండు పిక్‌కి డల్లాస్‌కి పంపేశారు. వాళ్ళని నిలబెట్టింది 2022లో అందరికంటే ఆఖరున, 262వ పిక్‌లో వచ్చిన క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ. ఒక్క ఆటగాడి కోసం మూడు మొదటి రౌండ్లు ఇవ్వమనే మాట వచ్చినప్పుడల్లా నాకు టెన్షన్ వచ్చేది ఇందుకే.

ఎక్కడం, దిగడం కాకుండా ఉన్నచోటే ఉండి తీసుకోవడం కూడా ఒక దారి. ముందున్న గడుల్లో "అవును"లు ఎక్కువ ఉంటే ఆ జట్లన్నీ క్వార్టర్‌బ్యాక్‌ల మీద పడతాయి. మిగతా స్థానాల్లో మంచివాళ్ళు మీ దాకా జారుతారు. మీకు క్వార్టర్‌బ్యాక్ అక్కర్లేకపోతే అంతకంటే కావలసిందేముంది? కదలకుండా కూర్చోవడమే మంచిది.

అభ్యాసం

1. మీ జట్టు నంబరు రాసి, ముందు ఐదు, వెనక ఐదు జట్లకి గడులు నింపండి. జట్టు ఇంకా ఎంచుకోకపోతే 2023లో టెక్సన్స్ చోట కూర్చుని చేయండి.

2. 2023లో బేర్స్ 1వ పిక్ ఇచ్చి పుచ్చుకున్నవి: 9వ పిక్, 61వ పిక్, 2024 మొదటి రౌండు, 2025 రెండో రౌండు, ఇంకా డి.జె. మూర్ అనే రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు). పిక్స్ వరకు పట్టికతో లెక్క కట్టండి. రెండేళ్ళ తర్వాతి పిక్‌కి రెండు రౌండ్లు తగ్గించాలి. 3000కి ఎంత తక్కువ వచ్చిందో, ఆ తేడా పట్టికలో ఎన్నో పిక్‌కి దగ్గరగా ఉందో చూడండి. అంటే మూర్‌కి బేర్స్ కట్టిన ధర అదన్నమాట.

3. కరోలినా 2023లో 2-15తో ముగించింది. అప్పుడు బేర్స్ చేతికొచ్చిన 2024 పిక్ ఎన్నో నంబరు అయి ఉంటుంది? 420 అనుకున్న ఆ పిక్ విలువ ఎంతైంది?

ఈ లెక్కల జవాబులతో వచ్చే పాఠం మొదలుపెడదాం. అందులో 32వ పిక్ కోసం కూడా జట్లు ఎందుకు పోటీపడతాయో, 2018లో బాల్టిమోర్ రేవెన్స్ అక్కడికి ఎక్కి క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌ని ఎందుకు తీసుకున్నారో చూద్దాం.